చీమలు పట్టిన మందు

నేను చెప్తుంటే ఇది రాస్తున్నది నా మనవరాలు. ముచ్చట కూడా దానిదే. అప్పుడు రెండో తరగతి చదువుతున్నది.

దాని మెడ మీద ముత్యాల లెక్క గింజలు లేచినయి. మెల్లగ చంకల దాక పాకినయి. బళ్లె టీచరమ్మ వెనక బెంచీల ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. "అమ్మమ్మా, నా పక్కన ఎవ్వరు కూసుంటలేరు" అని రోజూ ఏడుపే. నా పెనిమిటి పోయినంక నేను నాంపల్లిల నా బిడ్డ, అంటే దీని అమ్మ దగ్గరనే ఉంటున్న. బిడ్డ ఆబిడ్స్‌ల బట్టల దుకాణంల పనికి పోతది. పిల్ల నా చేతుల మీదనే పెరిగింది.

సర్కారు దవాఖాన డాక్టరమ్మ చూసి, "ఇది వైరస్. కొన్ని నెలలకు దానంతట అదే పోతది. గోకనియ్యకు, తువ్వాల వేరే పెట్టు" అన్నది. మందు రాయలే. మందియ్యని డాక్టరమ్మ మీద నా బిడ్డకు నమ్మకం కుదరలే. ఎవరో చెప్పిన్రని ఆబిడ్స్ గల్లీల ఒక హోమియో ఆయన దగ్గరికి మమ్మల్ని తీస్కపోయింది.

ఆయన గింజలను ఒక్క నిమిషం చూసిండు, ప్రశ్నలు మాత్రం అర్ధగంట అడిగిండు. ఉప్పు ఇష్టమా, చీకటంటే భయమా, నిద్రల చెమట పడ్తదా. గింజలకూ చీకటికీ ఏం సంబంధమయ్యా అని నోటిదాక వచ్చింది. బిడ్డ నా మోచెయ్యి గిల్లింది. తెల్ల గుళికల సీసా ఇచ్చిండు. చెయ్యి తగలొద్దట, మూతల పోసి నోట్లె వెయ్యాలెనట.

నేనూ రెండు గుళికలు చప్పరించిన. ఉత్త చక్కెర. నా మోకాళ్ల నొప్పికని ఇంకో సీసా తెప్పించుకున్న. దానిదీ అదే రుచి. పదిహేనో రోజు చూస్తే పిల్ల సీసా చుట్టూ చీమల బారు. మందైతే చీమలు ఎగబడి తింటయా? ఆ రోజు నుంచి పిల్లకు వెయ్యలే. బిడ్డకు చెప్పలే. ఆమెకు అనుమానం రాకుండ పూటకిన్ని గుళికలు మురికి మోరీల పోసిన. తువ్వాల మాత్రం వేరే పెట్టిన, గోర్లు కత్తిరించిన.

నాలుగో నెలల గింజలు ఎర్రగ ఉబ్బి, ఎండి, రాలినయి. పిల్ల ముందు బెంచీకి వచ్చింది. బిడ్డ సంబురంగ మిఠాయి డబ్బా పట్టుకొని నన్ను కూడా హోమియో ఆయన దగ్గరికి తీస్కపోయింది. అక్కడ ఒకామె ఒళ్లె చంటిపిల్ల, మెడ నిండ గవే గింజలు.

"పెద్దమ్మా, ఈయన మందుతోనే తగ్గిందా?"

"ఔ" అన్నది నా బిడ్డ.

ఆమె నన్నే చూస్తున్నది. నోరు ఆగలే. "రెండు వారాలే వేసిన అమ్మా. తర్వాత మోరీల పోసిన."

హోమియో ఆయన నవ్విండు. "ఆ రెండు వారాల గుణమే అది" అన్నడు. కాదనడానికి నాకేం తెలుసు? ఔననడానికీ మనసొప్పలే.

ఇంటికొచ్చినం. ఇంటి గల్మ ముందట చెప్పులు విడుస్తూ బిడ్డ, "పిల్లను నీ చేతుల పెట్టి పోతున్న గదమ్మా" అన్నది.

అప్పటి సంది పిల్లకు దగ్గొచ్చినా జ్వరమొచ్చినా మందు తనే వేస్తది. సీసా బీరువాల పెట్టి, తాళంచెవి బ్యాగుల వేసుకొని దుకాణానికి పోతది.