కణాలు పెరిగిన రోజు

ఆటోలో ఉండగానే ఫోనుకు మనవరాలి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. బెల్లం మార్కెట్ దగ్గర దిగి, ఒక దుకాణం అరుగు మీద కూర్చుని మళ్ళీ చదివాను. పోయిన పరీక్షలో సున్నా ఉన్నచోట ఇప్పుడు వేరే అంకె ఉంది. పత్రికలో పనిచేసిన రోజుల్లో చెడ్డ వార్తలు చాలా దిద్దాను. అవన్నీ వేరేవాళ్ళ ఇళ్ళవి.

మా మనవరాలికి ఏడేళ్ళు. చిన్నప్పుడే ఒక పొద్దున కళ్ళు ఉబ్బి లేచింది. కాస్త ఒళ్ళు చేసిందని మురిసిపోయాం. ఒంట్లో నిలవాల్సిన ప్రోటీను మూత్రపిండాల్లోంచి కారిపోతోందని తర్వాత విశాఖలో తేలింది. మాత్రలు వేస్తే తగ్గేది, ఆపితే తిరగబెట్టేది. చివరికి సెలైన్‌లా ఎక్కించే మందొకటి ఇచ్చారు. రోగాల నుంచి మనల్ని కాపాడే రక్తకణాల్లో ఒక రకాన్ని అది తుడిచిపెడుతుంది. ఈ జబ్బులో వాటి చెయ్యి ఉందట.

"అవి లేనంతకాలం కొంత ధైర్యంగా ఉండొచ్చు. మళ్ళీ కనిపిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అందరికీ అలా జరగదు. జరిగినా ఎప్పుడన్నది చెప్పలేం," అన్నారు డాక్టరుగారు నాతో. మామూలు జలుబు కూడా జబ్బును లేపగలదన్నారు.

సందు తిరిగేసరికి మా గుమ్మంలో నవ్వులు వినిపించాయి. ల్యాబువాళ్ళు ఇంటికి కూడా ఫోన్ చేసి, కణాలు మళ్ళీ వచ్చాయని చెప్పారట. మా ఆవిడ వీధిలో బెల్లం ముక్కలు పంచుతోంది. డెంగీ సీజన్లో మా ఊళ్ళో ఏ ఇంట విన్నా ప్లేట్‌లెట్ల మాటే. పడిపోతే ఏడుపు, పెరిగితే పండగ. ఆవిడకు తెలిసిన లెక్క అదే.

పక్కింటామె మేలమాడుతోంది. "ఏటొదినా, ఉత్త బెల్లంతో సరిపెడతన్నావా? మావోడికి ప్లేట్‌లెట్లు పెరిగినప్పుడు నేను బూరెలు ఒండేను!"

"అమ్మోరికి మొక్కు తీర్సేక నీకు బూరెలు పెడతాన్లే. ముందు నోరు తీపి సేసుకో," అంది మా ఆవిడ. పిల్లకు అప్పటికే పట్టు పరికిణీ కట్టి, జడలో పూలు పెట్టింది. నూకాలమ్మ గుడికి ప్రయాణం. ఆ రోజు ఆదివారం. గుడి దగ్గర జనం ఎంతమంది ఉంటారో, ఎంతమంది దగ్గుతుంటారో!

ఆవిణ్ణి వంటింట్లోకి పిలిచాను. "పాపను తీసుకెళ్ళొద్దు," అన్నాను.

"ఏటండీ, మొక్కుకున్నాను. తీర్సకపోతే బాగుంటాదా?"

"ఇవి పెరగకూడని కణాలు. డెంగీలాగ కాదు."

ఆవిడ చేతిలోని బెల్లం పళ్ళెం గట్టు మీద పెట్టింది.

"అయితే మళ్ళీ వత్తాదా?"

"రావొచ్చు."

"ఎప్పుడు?"

"తెలీదు."

"తెలీనప్పుడు ఆ పరీచ్చ ఎందుకండీ?"

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, సోమవారం పిల్లను తీసుకురమ్మన్నారు. ఈలోగా గుంపుల్లోకి పంపవద్దన్నారు.

గుడికి ఆవిడ ఒక్కతే వెళ్ళింది. మేలు జరిగిందని చెప్పుకోవడానికి సిద్ధమైన మనిషి, అక్కడ ఏమని మొక్కిందో నేను అడగలేదు. వచ్చాక పిల్ల నుదుట బొట్టు పెట్టి అన్నానికి కూర్చోబెట్టింది. పిల్ల ఇంకా పట్టు పరికిణీలోనే ఉంది, గుడికి తీసుకెళ్ళలేదన్న అలక తీరలేదు.

రెండు ముద్దలు తిని తుమ్మింది.

మా ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. నేను కంచంలోంచి తలెత్తాను. ఇంకో తుమ్ము వస్తుందేమోనని ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

"ఏటి తాతా, ఇద్దరూ నన్నలా సూత్తన్నారు?" అంది పిల్ల.

"ఏం లేదమ్మా, తిను," అన్నాను.