గోడకెక్కిన గడప

మొన్న సోమవారం పొద్దున మా వదిన పోయింది. పెద్దపల్లి నుంచి డాక్టరు వచ్చేలోపే అంతా అయిపోయింది. మా అన్న అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడడం లేదు. నాకు మొదటినుంచీ నలుగురిలో నోరు పెగలదు. నా మాట కూడా వదినే మాట్లాడేది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

చాలా ఏండ్ల కింద, అన్ననూ నన్నూ కన్న మా అవ్వ వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. ఎముక అతికింది గాని కాలు పైకి లేవలేదు. గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేది. అప్పట్లో మా ఇండ్లలో స్నానమంటే పెరట్లో తడకల చాటున, ఎత్తుబండ మీద. అవ్వ ఆ బండ ఎక్కలేకపోయింది. వదినే వసారాలో చీర అడ్డం కట్టి నీళ్లు పోసేది. కోడలి చేత ఒళ్లు కడిగించుకోవడానికి అవ్వ ప్రాణం ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు స్నానమే వద్దంది. అన్నం కూడా తగ్గించింది.

అవ్వ తన చేతులతో తాను నీళ్లు పోసుకోవాలి, వసారా చివర స్నానానికి గుసల్ఖానా కట్టిద్దాం అంది వదిన. కరీంనగర్ నుంచి బండి మీద షాబాదు బండలు తెచ్చాను. సుతారి గోడలు లేపాడు. వడ్లాయన దర్వాజ నిలబెట్టి, అలవాటు చొప్పున గడప బిగించాడు. మేమూ అలవాటు చొప్పున దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాము. తర్వాత అవ్వను నడిపించుకొచ్చాము. గడప ముందు ఆమె కాలు ఆగిపోయింది. అప్పటిదాకా ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు. అవ్వ వెనక్కి తిరిగింది.

గడప తీసేయమంది వదిన. బొట్టు పెట్టినదానికి రంపం తగిలించనని వడ్లాయన చేతులు కట్టుకున్నాడు. నీళ్లన్నీ వసారాలోకి వస్తాయని సుతారి అన్నాడు. గడప లేకుంటే లచ్చిమి నిలువదని పక్కింటి పెద్దమ్మ సాగదీసింది.

"మా లచ్చిమికి కాలు లేవది, పెద్దమ్మా" అంది వదిన. "నిలిచేది తర్వాత. ముందుగాల లోపలికి రావాలె గద."

పెద్దమ్మకు నవ్వు ఆగలేదు. వడ్లాయన రంపం తీశాడు. సుతారి బండలు లేపి, వెనక మూలకు వాటం ఇచ్చి మళ్లీ పరిచాడు. వదిన దర్వాజ దగ్గర కడివెడు నీళ్లు కుమ్మరించింది. నీళ్లు జర ఆగి, వెనక తూములోంచి అరటిపాదులోకి పోయాయి.

తీసిన గడపను పొయ్యిలో పెట్టరాదు, తొక్కరాదు. ఏం చేయాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాను.

"గట్ల ఎన్నొద్దులు మోస్తవు, మర్దీ? లోపల గోడకు బిగియ్యి. కాలికి అడ్డమొచ్చింది చేతికి ఆసరైతది" అంది వదిన.

నడుమెత్తున ఇనుప పట్టీలతో బిగించాము. మరునాడు అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది. మేమంతా బయట చెవులు రిక్కించి నిలబడ్డాము. గంగాళానికి చెంబు తగిలిన చప్పుడైంది. కాసేపటికి లోపలినుంచి అవ్వ గొంతు: "నీళ్లు గింత సల్లగున్నయేందే?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవ్వ ఆ తర్వాత చాన్నాళ్లు బతికింది. పక్కింటి పెద్దమ్మ కూడా చివరికి గడప లేని గుసల్ఖానానే కట్టించుకుంది. వదిన మాత్రం ప్రతి శుక్రవారం ఇంటి గడపలకు పసుపు రాశాక, గోడమీది గడపకూ రాసేది. తనకు మోకాళ్లు పట్టేసినప్పుడు దాన్నే పట్టుకుని స్నానం చేసింది.

ఈ పొద్దు స్నానానికి పోయి నేనూ ఆ గడపను పట్టుకున్నాను. నడుమ చేతులు పట్టి పట్టి నునుపెక్కింది. రెండు కొసలకూ పోయిన శుక్రవారం ఆమె రాసిన పసుపు ఇంకా ఉంది. దానికి నీళ్లు తగలకుండా, పక్కకు జరిగి పోసుకున్నాను.