బావమరిది ఒళ్ళు

ఆ వీధి మలుపులో, మందుల షాపుకీ తాళంచెవులు చేసే గూటికీ మధ్య, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే కొట్టు ఒకటుంది. అందులో ఒక మాజీ దర్జీ మనుషుల్ని వీరులుగా మారుస్తుంటాడు. ఫొటో తీస్తాడు, కంప్యూటర్లో దానికి సూపర్‌హీరో దుస్తులు తొడుగుతాడు, నిలువెత్తు అచ్చు వేసి ఇస్తాడు. రెడీమేడ్ బట్టలు వచ్చి అతని కుట్టుమిషన్ను మూలకు నెట్టాక, ఆ మిషన్ మీదే కంప్యూటర్ పెట్టుకున్నాడు. పాదం మాత్రం పాత అలవాటు మానలేదు. పని ఊపందుకుంటే కింద తొక్కుడు పలకను తొక్కుతూనే ఉంటుంది. గుడ్డ లేని చోట, దారం లేని చోట, ఒక చక్రం ఊరికే తిరుగుతూ ఉంటుంది.

అతను తొడిగే బట్టలు నిజం బట్టల్లా ఉంటాయని పేరు. మిగతా స్టూడియోల వాళ్ళు కండల మీద రంగు పూసి చేతులు దులుపుకుంటారు. ఇతను చంక కింద గుడ్డ లాగిన చోట ముడత పెడతాడు, మోకాలి దగ్గర కాస్త వెలిసిపోనిస్తాడు, వీపున వేలాడే కేప్ అంచుకి వానమరక కూడా పెడతాడు. వీరుడు నిన్ననే ఎవర్నో కాపాడి వచ్చి, ఉతికే తీరిక లేక అదే తొడుక్కున్నట్టు ఉంటుంది. గిరాకీలకి ముసుగూ కావాలి, మొహమూ కనిపించాలి. అందుకని ముసుగుకి మొహమంత కన్నం పెట్టి ఇస్తాడు. ఎవరూ నవ్వరు. అద్దంలో కూడా మనిషి తనని చూసి తను నవ్వుకోడు కదా.

ఇక కొలతలు. ఫొటోకి ముందు మెడలోని టేపు తీసి ఛాతీ కొలుస్తాడు, నడుము కొలుస్తాడు. గిరాకీ ఊపిరి బిగబట్టి పొట్టని లోపలికి దాచుకుంటాడు. "వదిలేయండి సార్, మామూలుగా నిలబడండి. ఉన్న ఒళ్ళే తీద్దాం" అంటాడు దర్జీ. ఆ మాటకి ఎంతటివాడైనా వెన్నలా కరిగిపోవలసిందే. ఆ కొలతల్ని దర్జీ ఎక్కడా రాసుకోడు. వాటితో అతనికి పనిలేదు. ఎందుకంటే ఆ దుస్తులన్నిటి కిందా ఉన్నది ఒకటే ఒళ్ళు. అది అతని బావమరిదిది.

బావమరిది మంచినీళ్ళ డబ్బాలు భుజాన వేసుకుని మేడలెక్కించే పని చేస్తాడు. సాయంత్రాలు వ్యాయామశాలకి వెళతాడు. ఉదయం బతుకు కోసం మోసిన బరువునే సాయంత్రం ఇష్టం కోసం మోస్తాడు. రెండేళ్ళ కిందట దర్జీ అతన్ని కొట్టు వెనక గదిలో బనీనుతో నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. అప్పుడు ఒక మాటిచ్చాడు. ఏదో ఒక రోజు అతని తలతోనే ఒక బొమ్మ చేసి, కొట్టు ముందున్న షోకేసు అద్దంలో నిలువెత్తున పెడతానని. బావమరిది కోరింది అదొక్కటే. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ తను 'నీళ్ళబ్బాయ్' తప్ప ఇంకేమీ కాదు. ఒక్కసారి తన ఒంటి మీద తన తలని నలుగురూ చూడాలి.

అడిగినప్పుడల్లా దర్జీ ఏదో ఒక సాకు చెప్పేవాడు. అచ్చు మిషన్ బాగాలేదనేవాడు, నీలం రంగు అయిపోయిందనేవాడు. అసలు భయం వేరు. ఆ తలా ఆ ఒళ్ళూ ఒకచోట కనిపించాయా, ఊళ్ళో ఉన్న వీరులందరి గుట్టూ రట్టవుతుంది. కొట్టు మూసుకోవలసిందే.

ఇలా ఉండగా, బావమరిది రోజూ నీళ్ళు మోసే అపార్ట్‌మెంటు వాళ్ళకి ఒక బుద్ధి పుట్టింది. సంఘం పెద్దలు ఐదుగురినీ వీరుల వేషంలో కింద లిఫ్టు పక్క గోడకి వరసగా పెట్టాలని. ఆ సంఘం సాధించింది పైపు మరమ్మతు ఒకటే, అదీ సగం. దర్జీ ఐదుగురినీ కొలిచాడు, రంగులు మార్చాడు, ఒకడి చేత కత్తి పట్టించాడు, ఒకడిని మబ్బుల్లో నిలబెట్టాడు. చేతులకి మామూలుగా వేసే తొడుగులు మాత్రం కార్యదర్శి వద్దన్నాడు. చేతులు కనిపించకపోతే తామేనని ఎవరు నమ్ముతారని అతని వాదన.

దర్జీ దగ్గరుండి బొమ్మలు గోడకి ఎక్కించాడు. ఐదు ఇళ్ళవాళ్ళూ పోగయ్యారు. అప్పుడే బావమరిది భుజాన డబ్బాతో లిఫ్టు కోసం నిలబడ్డాడు. కోశాధికారి భార్య భర్త బొమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, మెల్లగా అంది:

"మా ఆయన చిటికెన వేలు వంకర ఎప్పుడయింది?"

తర్వాత పక్క బొమ్మ చూసింది. ఆ పక్కది చూసింది. ఐదుగురు వీరులకీ ఎడమ చిటికెన వేలు అచ్చుగుద్దినట్టు ఒకేలా బయటికి వంగి ఉంది. వ్యాయామశాలలో బరువుల ఇనుప పళ్ళెం పడి వంగిన బావమరిది వేలది.

బావమరిది డబ్బా దించలేదు. బావ కళ్ళలోకే చూస్తున్నాడు. ఇప్పుడైనా చెబుతాడేమోనని.

దర్జీ నోరు తెరిచేలోపు కార్యదర్శి అందుకున్నాడు.

"ఏమయ్యా, నా ఒళ్ళు తీసి వీళ్ళందరికీ పెట్టేశావా?"

"మీదెలా అవుతుంది? నన్ను టేపు పెట్టి మరీ కొలిచాడు" అన్నాడు కోశాధికారి.

సంఘంలోని రిటైరైన హెడ్మాస్టరు తననీ కొలిచాడని, ఆ నడుము తనదేనని, కావాలంటే పాత ఫొటోలు తెస్తానని అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఒళ్ళు తనది కాదన్నవాడు ఒక్కడూ లేడు. దొంగిలించింది మాత్రం మిగతా నలుగురు. వాదిస్తూనే ఒక్కొక్కడూ ఎడమ చిటికెన వేలిని ఎవరూ చూడకుండా కొంచెం కొంచెం వంచుకుంటున్నాడు.

దర్జీ తేరుకున్నాడు. ఒక్కొక్కరినే మెట్ల చాటుకి పిలిచి చెవిలో ఊదాడు. "అసలు ఒళ్ళు మీదే సార్. వాళ్ళకి చూపించుకునేంత లేక మీదే సర్దాను. పైకి అనకండి, బాధపడతారు." ఐదుగురూ ఐదు రహస్యాలతో, ఐదు జాలి చూపులతో వెనక్కి వచ్చారు. ఆ గోడ దగ్గర అంత ఔదార్యం అంతకుముందెప్పుడూ కనిపించలేదు. కార్యదర్శి మనసు నిండిపోయి, కదలకుండా నిలబడ్డ మనిషి వైపు కూడా దయగా చూశాడు.

"ఏం నీళ్ళబ్బాయ్, అలా గుడ్లప్పగించి చూస్తావేం? నువ్వూ కాస్త ఒళ్ళు వంచి కసరత్తు చెయ్యి. ఇలా అవుతావు."

సంగతి దర్జీ భార్యకి చేరింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. భర్తకి మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ చెప్పింది.

"చూడండి, రేపు అద్దంలో మా తమ్ముడు లేకపోతే, ఆ ఐదిళ్ళకీ నేనే వెళ్ళి చెప్పొస్తాను. ఎవరి ఒళ్ళో."

దర్జీకి వేరే దారి లేకపోయింది. నీలం దుస్తులు తొడిగాడు, ముడతలు పెట్టాడు, భుజం మీద కుట్టు మెరిపించాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ అతికేది ఏమీ లేదు. తల తనంతట తానే ఒంటి మీద ఉంది. అతని వృత్తిలో అలాంటిది అదే మొదటిసారి. పని లేని చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, రేపటితో కొట్టు సరి అనుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు బొమ్మ అద్దంలోకి ఎక్కింది. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కొట్టు పక్కన నిలబడ్డాడు. దారినపోయేవాళ్ళు ఆగారు, చూశారు, వెళ్ళారు. చివరికి కార్యదర్శీ కోశాధికారీ కలిసి వచ్చారు. చాలాసేపు చూశారు. లోపల దర్జీ బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది మన నీళ్ళబ్బాయి తల కదూ" అన్నాడు కోశాధికారి.

"తలే. ఒళ్ళు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు" అన్నాడు కార్యదర్శి. కోశాధికారి తలూపాడు, తనకి తెలిసిన కారణానికి. కార్యదర్శి కొట్లోకి తొంగి చూశాడు. "ఏమయ్యా, ఈసారి చెయ్యి తప్పింది నీకు. అతుకు తెలిసిపోతోంది. ఆ మొహానికి ఆ ఒళ్ళు ఎక్కడ కుదురుతుంది?"

దర్జీ ఊపిరి పీల్చుకున్నాడు. "అవును సార్, తొందరలో చేశాను" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక బావమరిది అద్దం ముందుకి వచ్చాడు. ముందు నవ్వాడు. తర్వాత దగ్గరికి వంగి చూశాడు. ఎండ కదిలింది, అద్దంలో అతని నీడ బొమ్మ మీదుగా జరిగి పక్కకి పోయింది. అతను లోపలికి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"బావా, మెడ దగ్గర కొంచెం సరిచెయ్యవూ?"

"ఒరేయ్, అక్కడ సరిచేయడానికి ఏముందిరా?"

"తెలిసిపోతోంది బావా. వాళ్ళు చెప్పాక చూస్తే నాకూ కనిపిస్తోంది."

దర్జీ అతని మొహం వైపు చూశాడు. కంప్యూటర్లో బొమ్మ తెరిచి, మెడ చుట్టూ సన్నగా ఒక అతుకు గీశాడు. దాన్ని బావమరిది కళ్ళముందే నెమ్మదిగా చెరిపాడు.

"ఇప్పుడు బాగుంది" అన్నాడు బావమరిది.