కదిరప్ప చెప్పిన ఒక్క అబద్ధం

గుమ్మఘట్ట దారిలో, ఊరికి ఎగువన తుమ్మచెట్ల వెనక ఉన్న రేకుల ఇల్లు కదిరప్పది. చుట్టూ పది పన్నెండు పల్లెల్లో బోరు వేయించాలనుకున్న రైతు ముందుగా ఆ ఇంటి వాకిట్లోకే వచ్చేవాడు. కదిరప్ప నేలలో నీళ్ళు చూసేవాడు. ఆ పనిని అక్కడ పాయింటు పెట్టడం అంటారు.

ఆయన పద్ధతి ఆయనది. పొద్దున్నే ఏమీ తినకుండా, చెప్పులు ఇంటి దగ్గరే విడిచి, రైతు వెంట చేనికి నడిచేవాడు. చేనంతా ఒకసారి ఊరికే తిరిగేవాడు. చెదపుట్టలు ఎక్కడున్నాయో, తంగేడు ఏ మూల పచ్చగా ఉందో, రాయి ఎటు వాలిందో చూసుకునేవాడు. ఆ తర్వాతే పిలక ఉన్న కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని నడక మొదలుపెట్టేవాడు. నీళ్ళున్న చోట కాయ నిక్కి నిలబడుతుందని నమ్మకం. కాయ లేస్తుందో, కదిరప్ప చెయ్యే లేపుతుందో ఎవరూ అడగలేదు. చివరికి ఆయన చెప్పేది ఒక్క మాటే. 'ఉండాది' అనేవాడు, లేకపోతే 'లేదు' అనేవాడు. ఎన్ని అంగుళాల నీళ్ళు పడతాయని ఎవరైనా అడిగితే, "నేనేమన్నా లోపలికి దిగి చూసినానా?" అని కసిరేవాడు.

నిజానికి ఆయనకు పేరు వచ్చింది లేదనడం వల్లే. ఉందని చెప్పేవాళ్ళు రాయదుర్గంలో సందుకొకరు దొరుకుతారు. కదిరప్ప పది చేలు చూస్తే ఏడింటికి లేదనేవాడు. ఉందన్న వాటిలోనూ అప్పుడప్పుడు తప్పేది. అలా తప్పినప్పుడు మరునాడు ఆ ఇంటికి తనే వెళ్ళి, వాకిట్లో కూర్చుని, వాళ్ళు తిట్టినంతసేపూ తిట్టించుకుని, పెట్టిన సంగటి ముద్ద తిని వచ్చేవాడు. నీళ్ళు పడిన ఇంటి నుంచి తొలి పంటలో ఒక గంప శెనక్కాయలు వచ్చేవి. ఆయన తీసుకునేది అంతే. భార్య పోయి నాలుగేళ్ళయింది. కూతురు ఈశ్వరి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌కు బస్సులో పోయి వచ్చేది. ఇంటి దగ్గర నాలుగు మేకలుండేవి.

ఇంకో కట్టుబాటు ఉంది. అది తాతల నాటిది. పాయింటు చెప్పాక మళ్ళీ అడగకూడదు. రెండోసారి అడిగితే నీళ్ళు పక్కకు జరుగుతాయంటారు. కాయ లేచిందంటే, ఆ మాట చల్లారకముందే బోరుబండి చేన్లోకి రావాలి.

ఎన్నికలకు నెల ముందు జయరాం వచ్చాడు. కదిరప్పకు దూరపు వరసలో అల్లుడవుతాడు. ఒక పార్టీకి ఫోన్లలో ప్రచారం చూసే పనిలో ఉన్నాడు. వెంట కెమెరా పట్టుకుని ఇద్దరు పట్నంవాళ్ళున్నారు.

"మామా, ఇంగ నీ మొగం జిల్లా అంతా చూస్తాది," అన్నాడు.

"చూసి ఏం చేస్తారప్పా? నా మేకలే నా మొగం చూడవు."

కారులో తెల్లగుట్ట దగ్గరికి తీసుకుపోయారు. వెనక గుట్ట, ముందు ఎండిన చేను, బొమ్మ బాగుంటుందని పట్నంవాళ్ళు ఆ చోటు ఎంచుకున్నారు. ఆ చేను లింగన్నది. ఏడేళ్ళ కింద కదిరప్ప ఆ చేనంతా తిరిగి లేదని చెప్పి వచ్చాడు.

"ఈడ యాడివి జయరామా నీళ్ళు? ఈ నేల నాకు తెలుసు."

"నిన్ను నిజంగా పాయింటు పెట్టమన్లేదు మామా. మావోడు గెలిస్తే కాలవ తెస్తాడు, చెరువు నిండుతాది. దానికి గుర్తుగా ఊరికే ఒక మాట. ఎలక్షన్లల్లో అందరూ చెప్పేదే కదా!"

ఆ చివరి మాటకు కదిరప్ప మెత్తబడ్డాడు. ఎన్నికల మాట ఎట్లాంటిదో ఆయనకు తెలుసు. జీపు మీద నిలబడి, జెండా పట్టుకుని, మైకులో ఒకడు అరుస్తాడు. వినేవాడు సగం తీసేసి వింటాడు. అదీగాక ఆ పొద్దు ఆయన ముద్ద తిని ఉన్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. కాబట్టి ఇది పాయింటు కాదు, వేషం. చెరువు నిండుతుందన్న ఆశ కూడా లోపల ఎక్కడో ఉంది. కొబ్బరికాయను తనే వేళ్ళతో లేపి, వాళ్ళు చెప్పమన్నట్టే చెప్పాడు. "ఈడ నీళ్ళుండాయి. ఐదంగుళాలు."

అంగుళాల లెక్క చెప్పాడంటేనే అది కదిరప్ప మాట కాదని తెలిసినవాళ్ళు పట్టేస్తారని ఆయన ధీమా.

పన్నెండు రోజుల తర్వాత మేకలు తోలుకుని వస్తుంటే తెల్లగుట్ట వైపు నుంచి బోరుబండి మోత వినిపించింది. మేకలను వదిలేసి అటు నడిచాడు. ఆయన వెళ్ళేసరికి మోత ఆగిపోయింది. తొమ్మిది వందల అడుగులు దించారు. పైకి వచ్చింది తెల్లటి రాతి పొడి. లింగన్న తలా మీసమూ ఆ పొడితో నెరిసిపోయి, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. భార్య రామాంజినమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"పాయింటు ఎవరు పెట్టినారు లింగన్నా?"

లింగన్న తలెత్తి చూశాడు. "ఎగతాళా అన్నా? నువ్వే కదా."

"నేనా? ఏడేండ్ల కిందనే లేదని చెప్పినా కదప్పా నీకు!"

"అప్పుడు లేదంటివి. ఇప్పుడు ఉండాదంటివి. కాయ చేతిలో పెట్టుకోని, నా చేన్లోనే నిలబడి అంటివి. గుట్ట, నా గట్టు, నా రేగిచెట్టు, అన్నీ కనపడ్తాండాయి ఫోన్లో."

కదిరప్ప గట్టు దగ్గరికి వచ్చాడు. "యాదీ, చూపీ," అన్నాడు.

రామాంజినమ్మ ఫోను తీసి వేలితో పైకి తోసింది. ఒక పాప నాట్యం చేసింది. ఎవరో మామిడికాయ ఊరగాయ కలిపారు. ఒకాయన పామును పట్టాడు. ఎంత తోసినా కదిరప్ప రాలేదు.

"నిన్న పొద్దున కూడా వచ్చినాది," అంది రామాంజినమ్మ. "దానిష్టమొస్తే వస్తాది. మనం పిలిస్తే రాదన్నా."

"అది ఎలక్షన్ది లింగన్నా. ఊరికే చెప్పించినారు. నన్ను ఒక్క మాట అడగకపోతివే!"

"రెండోసారి అడిగితే నీళ్ళు జరుగుతాయని చెప్పిందెవరు?" అన్నాడు లింగన్న. ఆ మాట అరిచి అనలేదు. అరిచి ఉంటే కదిరప్పకు కొంత తేలికయ్యేది.

అలవాటు ప్రకారం మరునాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళాడు. గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. బోరు కోసం మంద మొత్తం అమ్మేశారు. రామాంజినమ్మ తలుపు సగమే తీసింది. లింగన్న తెల్లారకముందే గుంతకల్లుకు పోయాడని, రైలెక్కి బొంబాయి పక్క కాంక్రీటు పనికి పోతాడని చెప్పింది. కదిరప్ప వాకిట్లో కూర్చున్నాడు. తిట్టు కోసం కాచుకున్నాడు.

"పొయ్యి ముట్టించలేదు, పో అన్నా," అని ఆమె తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం ఈశ్వరి యూనిట్ నుంచి వచ్చి, ఆ వీడియో తనూ చూశానని చెప్పింది. పక్క మిషను అమ్మాయి ఫోన్లో వచ్చిందట. కాలవ మాట, అభ్యర్థి పేరు చివర్లో ఎక్కడో ఉన్నాయి. అక్కడిదాకా ఎవరూ చూడరు, వేలు అప్పటికే జరిగిపోతుంది. ముందున్నదంతా కదిరప్ప మొహమే.

"జెండా లేదా?"

"లేదు నాయనా. కింద సన్నంగా ఇంగ్లీషు అచ్చరాలు ఉండాయి. దుడ్లు కట్టి వేయించినారని దాని అర్థమంట. మా మేస్త్రీ చదివి చెప్పినాడు. లేకపోతే నువ్వే మాకు చెప్తాండట్లు ఉండాది."

కదిరప్ప రాయదుర్గం వెళ్ళి జయరాంను పట్టుకున్నాడు. పార్టీ ఆఫీసు బయట టీ తాగుతున్నాడు.

"దాన్ని తీసేయప్పా. మనుషులు మునిగిపోతాండారు."

"నా చేతిలో లేదు మామా. హైదరాబాదులో వేరే కంపెనీ చూస్తాది. ఇరవై రోజులకు దుడ్లు కట్టేసినారు. బోరు వేయించుకోమని మేమేమన్నా చెప్పినామా?"

"అసలు ఆ ఫోను కంపెనీవాళ్ళు ఎలక్షన్ మాటలు దుడ్లు తీసుకోని ఎందుకు వేయాల? సంసారుల ఇండ్లల్లోకి, పిలకాయల ఆటల నడుమ దూర్చి వేయాల్నా? బంద్ చేయరాదా?"

జయరాం గ్లాసు కింద పెట్టాడు. "అట్ల బంద్ చేస్తే గెలిచేదెవరు మామా? టీవీలుండేవాళ్ళు, పేపర్లుండేవాళ్ళు. మావోడు లేనోడు. తక్కువ ఖర్చుతో నలుగురికీ తెలిసినాడంటే ఈ ఫోను పుణ్యమే. లేనోని నోరు మూయమంటావా?"

ఆ మాటలో కొంత నిజం ఉన్నట్టే తోచింది కదిరప్పకు. అయినా అన్నాడు. "తెలిసింది మీవోడు కాదు జయరామా. నేను. నీ లేనోడు ముందుకొచ్చి వాని మొగంతో వాడే అరవనీ, వింటాం. వాని అబద్ధానికి నా నోరెందుకు? అదీ సంతలో చెప్పింటే, మళ్ళీ వారం అదే సంతలో నిలబడి తప్పని చెప్తాంటి. ఇది ఎవురికి చూపించినారో నాకు తెల్దు. నీకు తెల్సా?"

"అది ఎవురికీ తెల్దు మామా. ఎవురికి చూపించాల్నో అదే చూసుకుంటాది," అన్నాడు జయరాం. గర్వంగానే అన్నాడు.

అయినా కదిరప్ప సంతలో నిలబడ్డాడు. తెల్లగుట్ట కింద నీళ్ళు లేవని, తాను చెప్పింది అబద్ధమని గొంతు పోయేలా అరిచాడు. విన్నవాళ్ళు ఆ వీడియో చూసినవాళ్ళు కారు. "ముసలోనికి ఎండ తగిలినట్లుండాది," అనుకుంటూ పోయారు. ఈశ్వరి తన ఫోన్లో నాయన మాట వీడియో తీసి పెట్టింది. నలభై మంది చూశారు. అందులో సగం మంది యూనిట్ అమ్మాయిలే. మొదటిది లక్ష దాటిందని మేస్త్రీ చెప్పాడు. ఒకసారి అది తన ఫోన్లోనూ వస్తే, ఈశ్వరి ఫిర్యాదు నొక్కే చోటు వెతికి నొక్కింది. ఆ ప్రకటన తమ నియమాలకు విరుద్ధంగా లేదని రెండు రోజులకు జవాబు వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరు అన్నదమ్ములు బండి మీద వచ్చారు. పెద్దవాడు మల్లికార్జున, చిన్నవాడు తిప్పయ్య. తెల్లగుట్టకు వెనక పక్క వాళ్ళకు మూడెకరాలుంది. చేతిలో పూలు, పసుపు, కొబ్బరికాయ.

"పెద్దాయనా, రేపు మా చేన్లో బోరు. నీ చేతుల మీద కాయ కొట్టల్ల," అన్నాడు మల్లికార్జున.

"యాడ? ఆ గుట్ట వెనకా? ఆడ నీళ్ళు లేవప్పా. లింగన్న బోరు చూడండి పొయ్యి, దుమ్ము వచ్చింది."

"లింగన్న నువ్వు నిలబడిన చోటికి పదడుగులు అవతల వేసినాడంట. నీళ్ళు మా పక్కకు జరిగిండాయి. నువ్వు చెప్పిన ఐదంగుళాలు యాడికి పోతాయి?"

"నేను చెప్పింది అబద్ధం!"

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. తిప్పయ్య నవ్వాడు. "అవతలి పార్టీవాళ్ళు ఎంతిచ్చినారు పెద్దాయనా, ఈ మాట చెప్పమని?"

లేదని చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి కదిరప్ప. ఇప్పుడు లేదంటే అమ్ముడుపోయినట్టు, ఉందంటేనే నిజం చెప్పినట్టు. ఈశ్వరి గడప లోపలి నుంచి ఏదో చెప్పబోయింది. బండి అప్పటికే కదిలింది.

మరునాడు కదిరప్ప ఏమీ తినకుండా, చెప్పులు లేకుండా గుట్ట వెనక్కి నడిచాడు. ముగ్గుతో గుర్తు వేసిన చోట బోరుబండి కాళ్ళు దించుతున్నారు. నేరుగా వెళ్ళి ఆ ముగ్గు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లెయ్ పెద్దాయనా."

"లెయ్యను. నా మీదనే దించండి."

ఎవరూ ఆయన్ను కొట్టలేదు, తిట్టలేదు. పెద్దమనిషి, ఎండలో వచ్చాడు, మతి చెదిరింది అన్నారు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి ఎత్తి, వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళ సీసా ఇచ్చారు. మల్లికార్జున తనే కాయ కొట్టాడు. ఇనుప కడ్డీ నేలలోకి దిగింది. చెవులు గళ్ళుపడేలా మోత మొదలైంది.

తిప్పయ్య ఫోను పట్టుకుని నీడలోకి వచ్చాడు. కదిరప్ప మొహానికి ఎదురుగా పెట్టి, చెవి దగ్గర వంగి అరిచాడు. "ఒక్క మాట చెప్పు పెద్దాయనా! నీళ్ళు పడ్తాయని!"

"లేవు," అన్నాడు కదిరప్ప. "లేవు, లేవు, లేవు."

ఆ మోతలో ఆ మాట ఆయనకే వినబడలేదు. పెదాలు కదలడం చూసి, ఏదో మంచి మాటే అన్నాడనుకుని, తిప్పయ్య తల ఊపి ఫోను జేబులో పెట్టుకున్నాడు.