ఒకసారి చూసిపోయినవాళ్ళు

మా ఆవిడ జబ్బుకు ఇక చేయగల వైద్యం లేదని, నొప్పి తెలియకుండా ఇంటి దగ్గరే చూసుకోవడం మేలని సంగారెడ్డిలో డాక్టరు చెప్పిన వారంలోనే మా ఇంటికి జనం పోటెత్తారు. మా ఊరు లక్డారంలో మా పెళ్ళికి కూడా అంతమంది రాలేదు. వారానికోసారి తెల్ల వ్యానులో సిస్టరమ్మ వచ్చేది. పుండు కడిగి, కట్టు మార్చి, మార్ఫిన్ గోలీలు ఇచ్చి వెళ్ళేది. ఆ వ్యాను మా గల్లీలో ఆగడం చూసి ఊరు తేల్చేసింది, ఇక రేపో మాపో అని.

అందరూ వచ్చారు. బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కన నిలబడి ముక్కు చీది, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. హత్నూర నుంచి మా బావమరిది భార్యతో సహా దిగి అక్కకు ఒడిబియ్యం పోశాడు. మా దిక్కు ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు అప్పుడప్పుడూ పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఒడిలో పోసి దీవిస్తారు. ఆఖరుసారి పోయకుండా ఎక్కడ ఉండిపోతానో అని అతని తొందర. ఆవిడ పీట మీద కూర్చోలేకపోయింది గనక వెనక దిండు ఆనించి మంచం మీదే కూర్చోబెట్టాం. బరువుకు ఓర్వలేదని గుప్పెడు ఒడిలో పోసి మిగతా బియ్యం స్టీలు బేసినులో పోశారు.

తీరా చూస్తే ఆవిడ పోలేదు. మందు పనిచేసింది. నొప్పి తగ్గింది, కాస్త ఆకలి వచ్చింది, మాటలు బాగా వచ్చాయి. వినేవాళ్ళే రాలేదు. కడసారి చూపు చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఏ ముఖంతో వస్తారు? వచ్చి ఏమంటారు? మాకు పిల్లలు లేరు. చూడడానికి ఊరంతా వచ్చింది, చూసుకోవడానికి నేనొక్కణ్ణే మిగిలాను. నాకేమో చత్వారం.

మిగతావాళ్ళు రాకపోయినా ఆవిడ ఓర్చుకునేది. ఎదురింటి వదినె రాకపోవడమే ఆవిడకు తట్టుకోలేనిదైంది. నాకు అక్క వరస. ఒకరోజు మా చెలకలో, ఒకరోజు వాళ్ళ చెలకలో ఇద్దరూ జతగా కలుపు తీస్తూ ముసలివాళ్ళయ్యారు. ఆ అక్క కూడా ఒకసారి వచ్చి, చేయి పట్టుకుని గొంతు పోయేదాకా ఏడ్చి వెళ్ళింది. అంతే. వాళ్ళ తలుపు చప్పుడైతే చాలు, ఈవిడ తల అటు తిప్పేది.

సిస్టరమ్మ వచ్చినప్పుడు అడిగింది, "నొప్పెట్లుందమ్మా?" అని.

"నొప్పికి గోలి ఇస్తున్నవ్ బిడ్డా. మనుషులు రానందుకు ఏమన్న గోలి ఉన్నదా నీ సంచిల?"

సిస్టరమ్మ సంచి మూసేసింది. కాసేపు ఊరికే పక్కన కూర్చుని వెళ్ళింది. వ్యాను కదిలాక మా ఆవిడ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, ఆ ఒడిబియ్యం ఎన్నొద్దులుంచుతవ్? పురుగు వడ్తది. వండి నలుగురికి పెట్టాలె గద."

"ఎవరు వండాలె?"

"నువ్వే. గడ్డపోతారంల గన్నేండ్లు డ్రమ్ములల్ల ఏం వండినవ్ మరి?"

నేను గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో సహాయకుడిగా చేశాను. ఎవరో వండినదాన్ని పరీక్షించడమే నా పని. మా వంటింట్లో నాకు క్వాలిటీ లేదు, కంట్రోల్ అసలే లేదు. అయినా ఒడిబియ్యం అన్నం ఇంట్లోవాళ్ళే తినేసే అన్నం కాదు, పిలిచి పెట్టాల్సింది. పిలిస్తే రాకపోవడం తప్పు. ఆవిడ ఎత్తు నాకప్పటికి అర్థమైంది.

ఇల్లిల్లూ తిరిగాను. "మొన్ననే సూసొస్తిమి గదనే" అన్నారొకరు. ఇంకొకరికి డ్యూటీ. ఒకాయన మరీ మర్యాదగా "డబ్బల పెట్టి పంపుండ్రి" అన్నాడు. చివరకు ఎదురింటికి వెళ్ళాను. అక్క తలుపు సగమే తెరిచింది.

"నేను రాను తమ్మీ. ఆనాడు ఉన్న పానమంత పెట్టి ఏడ్సొచ్చిన. మల్ల గట్ల ఏడ్వనీకె నాతోని గాదు."

"ఏడ్వనీకె కాదక్కా. తిననీకె."

ఆమె తలుపు మూయలేదు.

మరునాడు పొద్దున్నే వండాను. నీళ్ళ కొలత ఆవిడ మంచం మీది నుంచి చెబుతూనే ఉంది, నేను తప్పుతూనే ఉన్నాను. దేవుడి ముందు ఇంత పెట్టి చాపలు పరిచాను. ఇద్దరు ఆడవాళ్ళు గడప బయటే నిలబడి, ఇంత ప్రసాదంగా చేతిలో వేయించుకుని వెళ్ళారు. చాపలు ఖాళీగానే ఉన్నాయి. ఈవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఇక ఎత్తేద్దామని నేను వంగేసరికి అక్క వచ్చింది. కొత్త రవికె గుడ్డ మంచం మీద పెట్టి, పలకరించకుండానే చాప మీద కూర్చుంది. వడ్డించాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"అన్నమా ఇది? గోడలకు పోస్టర్లంటించొచ్చు."

మా ఆవిడ ఇటు తిరిగింది. "గట్లనకు వదినె. ల్యాబుల పాసైన అన్నం అది."

"నువ్వేందే? సస్తున్నవని నా కండ్లల్ల నీళ్ళన్ని ఒడగొట్టిచ్చి, ఇంక పండుకొని ముచ్చట్లు వెడ్తున్నవ్?"

"నీకు మల్ల నీళ్ళు ఊరేదాంక ఆగుతున్న."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే పక్క నొప్పి లేచి మా ఆవిడ పళ్ళు బిగబట్టింది. అక్క ఎంగిలి చేత్తోనే దిండు సర్ది, మళ్ళీ కూర్చుని మిగతా అన్నం తినేసింది. ఒక్క మెతుకు వదల్లేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఎవరి చెలక ఏ కంపెనీకి పోయింది, ఎవరి కోడలు ఎవరినేమన్నది, అన్నీ ఇద్దరికీ తెలిసినవే. "నువ్వు జెర బయట కూసో" అని నన్ను పంపేసేవారు. అరుగు మీద కూర్చుని లోపలి మాటల చప్పుడు వినేవాణ్ణి. ఏం మాట్లాడుకుంటున్నారో పట్టించుకునేవాణ్ణి కాదు. చప్పుడు ఉంటే చాలనిపించేది.

ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగింది. చాలాసేపటి దాకా లోపలికి వెళ్ళలేదు. వెళ్ళేసరికి అక్క ఆమె తల ఒళ్ళో పెట్టుకుని వెంట్రుకలు సవరిస్తోంది. ఏడవడం లేదు.

ఇప్పుడు అక్క మా ఇంటికి రాదు. ఒంటరి మగవాడి ఇంట్లో వచ్చి కూర్చోవడం మా ఊళ్ళో బాగుండదు. నేనూ రమ్మనను. పొద్దుగూకే వేళ తన గడపలో నిలబడి గల్లీ అవతలి నుంచి అడుగుతుంది.

"తిన్నవా తమ్మీ?"

"తిన్న అక్కా."

"ఏం కూర?"

చెబుతాను. ఒక్కోరోజు వండని కూర కూడా ఒకటి కలిపి చెబుతాను. అది ఎలా వండావని అడుగుతుంది కదా, ఆమె లోపలికి వెళ్ళడం ఇంకాస్త ఆలస్యమవుతుంది.