మా నెట్ సెంటర్‌లో అరబీ నేర్పిన నాగరత్నమ్మ అక్క

నిన్న పొద్దున, మా దగ్గర అరబీ నేర్చుకున్న ఆదెమ్మ ఫోన్ చేసి "అక్క ల్యాదు మేడం" అంది.

"యాడికి పోయిండాది?" అని అడిగాను.

అవతల ఆదెమ్మ ఏడుపు అందుకుంది. అప్పుడు అర్థమైంది.

నాగరత్నమ్మ అక్క. ఊరు తనకల్లు. తెల్లవారుతుండగా గుండెనొప్పి వచ్చిందట. కదిరి ఆస్పత్రికి తెచ్చేలోపే అయిపోయింది.

నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న శుక్రవారం కూడా క్లాస్ చెప్పింది.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. కదిరి బస్టాండ్ దగ్గర మా నెట్ సెంటర్‌లో శుక్రవారం శుక్రవారం ఆమె అరబీ నేర్పేది. కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు. వాన మొహం చాటేసి శెనక్కాయ ఎండిపోయిన ఏడాది మా వైపు నుంచి ఎంతమంది విమానం ఎక్కుతారో చెప్పనక్కర్లేదు.

అక్క కూడా అట్లా పోయిన మనిషే.

పోయిన కొత్తలో ఒక్క మాట రాదు. ఎవరేం చెప్పినా తల ఊపేది. ఒకసారి జ్వరంతోనే రోజుల తరబడి పని చేసింది. చెప్పుకోవడానికి మాట లేదు. ఈమె ముఖం ముడుచుకుని తిరుగుతోంది, పొగరు అనుకుందట ఆ ఇంటావిడ. వంటింట్లో పడిపోయాక గానీ ఒంటిమీద చెయ్యి వేసి చూడలేదు.

"వాళ్లు చెడ్డోళ్లు కాదు పాపా. నా నోట్లో మాట ల్యాకపాయె" అనేది అక్క.

చాలా ఏళ్లకు తిరిగి వచ్చింది. మొదటిసారి మా సెంటర్ మెట్లెక్కింది మాత్రం నూరాను చూడటానికి. నూరా ఆ కువైట్ ఇంటి అమ్మాయి, అక్క చేతుల్లో పెరిగిన పిల్ల. అక్కను నాగమ్మ అని పిలిచేది. అప్పటికి హైస్కూల్‌కు వచ్చింది.

వెబ్‌క్యామ్ పెట్టి మాట్లాడించాను. పాస్‌పోర్ట్ పని మీద వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వెనక నిలబడి వింటున్నారు.

"ఏమంటాండాదక్కా ఆ పాప?"

అక్క చెప్పింది. వాళ్లు పలికి చూశారు. స్క్రీన్‌లో నూరా నవ్వి, మళ్లీ పలకండి అని సైగ చేసింది.

క్లాస్ అట్లా మొదలైంది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు.

నూరా గ్లాసు ఎత్తి చూపేది. "మాయ్." నీళ్లు. గిన్నె చూపేది. "ఐష్." అన్నం. గొంతు లోపలి నుంచి వచ్చే అక్షరాలు మావాళ్లకు పలికేవి కావు. అప్పుడు నోరు కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూపించేది. కరెంటు పోయినా అక్క ఎవరినీ కదలనిచ్చేది కాదు. వచ్చేదాకా పలికిస్తూనే ఉండేది.

తర్వాత ఆన్‌లైన్‌లో ఒక షీట్ పెట్టాము. ఇక్కడ నేను తెలుగు మాట, పక్కన దాని ఇంగ్లీష్ టైప్ చేస్తే, అక్కడ నూరా పక్క గడిలో అరబీ మాట రాసేది. అక్షరాలు వాటంతట అవే పడుతుంటే అక్క కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఎవరప్పా లోపల కూచోని రాస్తాండేది?"

కువైట్ చేరినవాళ్లు కూడా, ఆ ఇళ్లలోని పిల్లలను బతిమాలి వాళ్ల కంప్యూటర్‌లో, అదే షీట్‌లో తమకు కావలసిన మాటలు వేసేవాళ్లు. ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు. నూరా కోసం వాటి ఇంగ్లీష్ నేను రాసేదాన్ని. గ్యాస్ వాసన వస్తోంది. చీర కాలింది. పాప పాలు కక్కింది. అక్కడ ఒకరికి అవసరమైన మాట తర్వాతి శుక్రవారం ఇక్కడ పాఠం.

అక్క మాత్రం ఏ కొత్త మనిషికైనా ముందు రెండే నేర్పేది. "యవ్వర్ని", నొప్పిగా ఉంది. "మా అగ్దర్", నా చేత కాదు.

దీని మీదే ఒక ఏజెంట్ సెంటర్‌కు వచ్చి గొడవ పెట్టుకున్నాడు.

"పనికి పోయేటోళ్లకు చేత కాదని నేర్పిస్తే ఎవరు పెట్టుకుంటారమ్మా?"

అక్క కూర్చున్న చోటి నుంచి లేవలేదు. "చేస్తాం అనేది నువ్వు నేర్పిస్తాండావు కదప్పా. చేతగానప్పుడు ఏమనల్లో నేను నేర్పిస్తాండా. ఇంగ నీకేం కష్టం?"

అతను వెళ్లిపోయాడు. కానీ ఆమె క్లాసుకు పోతే వీసా రాదని ఊళ్లలో చెప్పించాడు. మనుషులు రావడం మానేశారు. ఎన్నో శుక్రవారాలు అక్క, నేను, స్క్రీన్‌లో నూరా. అంతే.

ఆపేద్దామా అక్కా అన్నాను.

"ఒగరొచ్చినా సాలు" అంది.

ఆ ఒకరు ఆదెమ్మ. ఊరు నల్లమాడ. ఏజెంట్‌కు తెలియకుండా, బజారు పని చెప్పి బస్సెక్కి వచ్చేది.

ఆమె కువైట్ చేరాక ఒక రంజాన్ నెల. ఇంటి నిండా చుట్టాలు. ఆదెమ్మకు కడుపులో నొప్పి. పని ఎగ్గొట్టడానికి అనుకుంటారేమోనని భయం. అయినా చెప్పింది. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎట్లా నొప్పి పుడుతోందో, అంతా అరబీలో. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయారు. అపెండిక్స్ పగలబోతోందట. సాయంత్రానికే ఆపరేషన్ అయింది.

ఆమె తిరిగొచ్చి ఊరూరా ఈ సంగతి చెప్పాక, మా సెంటర్‌లో బెంచీలు చాలలేదు.

నేను డిగ్రీలో ఇంగ్లీష్ మార్కుల కోసం చదివాను. మాట రాని చోట మనిషి ఎంత ఒంటరో ఆ బెంచీల మీద కూర్చున్నాకే తెలిసింది. పక్కా ఉచ్చారణ నూరా నేర్పింది. నోరు తెరిచే ధైర్యం అక్క ఇచ్చింది.

నిన్న మధ్యాహ్నం నూరాకు నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇన్నాళ్లలో ఆ అమ్మాయి నోట ఒక్క తెలుగు మాట వినలేదు. నీకు తెలుగు వచ్చని తెలిస్తే వీళ్లు అరబీ పలకరు అని అక్క కట్టడి చేసిందట. ఆ సంగతి నాకు నిన్ననే తెలిసింది.

నాకొచ్చిన అరబీలో చెప్పాను. నూరా కెమెరాకు దగ్గరగా జరిగింది. తర్వాత అడిగింది. తెలుగులో. అచ్చం తనకల్లు మాటలో.

"నాగమ్మ చలికి తాళల్యాదు. దుప్పటి కప్పినారా?"

కప్పినాము తల్లీ అన్నాను.

వెళ్లిరా అక్కా. ఇంక ఎవరూ పిలవరు, లేచి పోయే పని లేదు. నిమ్మళంగా పడుకో.