సత్యవతి గారి రెండో సంచి

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. అమలాపురంలో నేను పనిచేసే ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ విభాగం అప్పుడే మొదలైంది. రోగి రక్తంలోంచి తీసిన మూలకణాలను, అంటే కొత్త రక్తాన్ని పుట్టించే కణాలను, గడ్డకట్టించి దాచడం, అవసరమైన రోజున కరిగించి పంపడం నా పని.

కణాన్ని ఊరికే గడ్డకట్టిస్తే లోపల మంచు పలుకులు పుట్టి పగిలిపోతుంది. అలా కాకుండా డీఎంఎస్‌ఓ అనే ద్రవం కలుపుతాం. చలిలో కణాన్ని కాపాడేది అదే. కరిగాక మాత్రం కణానికీ, ఎక్కించుకున్న మనిషికీ కొంత విషమే. చాలామందికి కాస్త వికారంతో, నోట్లో వెల్లుల్లి వాసనతో సరిపోతుంది.

సత్యవతి గారికి అలా సరిపోలేదు. ఆవిడది బండారులంక. యాభై దాటాయి, భర్త సూర్యారావు గారితో కలిసి మగ్గం నేస్తారు. మైలోమా అనే రక్త క్యాన్సర్ వచ్చింది. గట్టి కీమోకి రోగంతో పాటు రక్తం పుట్టించే కణాలూ చచ్చిపోతాయి, అందుకే ఆ తర్వాత ముందే తీసి దాచిన ఆవిడ కణాలనే రెండు సంచుల్లో తిరిగి ఎక్కించాలి. మొదటి సంచి సగం వెళ్ళేసరికి నాడి పడిపోయింది, బీపీ జారిపోయింది. డాక్టరు గారు ఆపించి, మందులిచ్చి ఆవిడను నిలబెట్టారు. కరిగిన సంచి ఎక్కువసేపు ఆగదు, ఆ మిగతా సగం పోయినట్టే. ఇక రెండో సంచి ఒక్కటే ఆధారం.

సాయంత్రం ఫైలు తెరిచాను. ఆవిడ గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని అందులో స్పష్టంగా రాసి ఉంది. సంచులు సిద్ధం చేసిన రోజున నేను పేరూ, బరువూ, కణాల లెక్కా మాత్రమే చూశాను.

"డీఎంఎస్‌ఓ పోయేలా ఆ కణాలను కడగగలవా సునీతా?" అని అడిగారు డాక్టరు గారు.

"కడిగితే కొన్ని కణాలు పోతాయి సార్. ఉన్నవే అంతంతమాత్రం."

"కడక్కుండా ఎక్కించే ధైర్యం నాకు లేదమ్మా."

సంచులతో పాటే పరీక్ష కోసం ఆవిడ కణాలు కొన్ని దాచిన చిన్న గొట్టం ఒకటుంది. ముందు వాటిని కడిగాను. కడిగే ద్రావణం చుక్క చుక్కగా కలపాలి. తొందరపడితే నీరు ఒక్కసారిగా లోపలికి చేరి కణం ఉబ్బి పగులుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో మెల్లగా తిప్పి, కణాలు అడుగుకి చేరాక డీఎంఎస్‌ఓ ఉన్న పై నీటిని తీసేయాలి. చివర్లో నీలిరంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. చాలావరకు బతికే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే వార్డుకి వెళ్ళాను. సత్యవతి గారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఆ సంచి నాకొద్దమ్మా. నిన్న గుండె ఆగిపోయిందనుకున్నాను."

"వద్దంటే ఎలాగే? లోపల రక్తం పుట్టించేదే లేదంటున్నారు కదా," అన్నారు సూర్యారావు గారు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. "తప్పు నాదండీ. మీ గుండె సంగతి ముందే చూసుకోవాల్సింది. ఈసారి సంచిలో కలిపిన ఆ మందు కడిగేసి తెస్తాను. నిన్న మీ కణాలకి రంగు వేసి చూశానండీ. చచ్చిన కణానికి రంగు పడుతుంది, బతికున్నదానికి పట్టదు. మీవాటికి చాలావరకు పట్టలేదు."

ఆవిడ ఇటు తిరిగారు. "నూలుకి రంగు పట్టకపోతే పనికిరాదంటాం మేము. మీకు పట్టకపోతేనే మంచిదా?"

"ఆయ్, అవునండీ."

ఆవిడ లేచి కూర్చున్నారు. "అయితే తీసుకురా. నువ్వు మాత్రం పక్కనే ఉండాలమ్మా."

ఆ మధ్యాహ్నం కడిగిన సంచి నేనే తీసుకెళ్ళాను. అది పూర్తయ్యేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను. నాడి నిలకడగానే ఉంది. "కాళ్ళు చల్లబడ్డాయి, దుప్పటి కప్పమ్మా," అన్నారంతే.

తర్వాతి రోజులే కష్టం. జ్వరం వచ్చింది. రోజూ రక్తపరీక్షలో తెల్లకణాలు దాదాపు సున్నా. కడగడంలో ఎన్ని పోగొట్టానో అని నాకు అన్నం సయించేది కాదు. రెండు వారాలు దాటాక ఒక ఉదయం తెల్లకణాల లెక్క పెరిగింది. ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్ళాను.

"కణాలు వచ్చేయా అండీ?" అన్నారు సూర్యారావు గారు లేచి నిలబడి.

"ఆయ్, కణాలు వచ్చేయండీ."

ఆయన మళ్ళీ బెంచీ మీద కూలబడి, కండువాతో మొహం కప్పుకున్నారు.

ఇప్పుడు సత్యవతి గారు చెకప్పుకి బస్సులో ఒక్కరే వస్తారు. రోజూ ఓ గంట మగ్గం మీద కూర్చుంటున్నారట. మా ల్యాబులోనూ పద్ధతి మారింది. గుండె బలహీనంగా ఉన్నవారికి, చిన్న గొట్టంలో ముందుగా పరీక్షించుకుని, డీఎంఎస్‌ఓ సగానికి తగ్గిస్తున్నాం. సంచులను ఒకే రోజు కాకుండా విడివిడి రోజుల్లో ఎక్కిస్తున్నాం.

నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. ఎవరి కణాలు దాచబోతున్నానో ఆ మనిషి దగ్గరికి ముందు వెళ్ళి పది నిమిషాలు కూర్చుంటాను. ఆ తర్వాతే డీఎంఎస్‌ఓ సీసా మూత తీస్తాను.